ముడతల క్రీముకు వేలు, బావంచాల గింజకు పైసలా?



పట్నంలో గుప్పిట్లో ఇమిడే చిన్న సీసాకు వేల రూపాయలు పోసే వాళ్లున్నారు. అది రాసుకుంటే ముఖం మీద ముడతలు తగ్గి వయసు కనపడదని నమ్మకం. ఆ సీసాల్లో ఏం కలుపుతారో తెలిస్తే మనకు నవ్వొస్తుంది. కొరియా క్రీముల్లో నత్త జిగురు వేస్తారు. మన తోటల్లో నత్తలను ఏరి ఉప్పునీళ్లలో పడేస్తాం. కొన్ని దేశాల్లో గొర్రె మాయ కలిపిన క్రీములు అమ్ముతారు. మన ఊళ్లలో ఈనిన గేదె మాయను మర్రిచెట్టుకు కట్టి వస్తాం. తేనెటీగల విషం, చేప గుడ్లు, బంగారు రేకు, చివరికి జపాన్‌లో పిట్ట రెట్ట కూడా ఈ వ్యాపారంలో సరుకే.

అయితే ఈ జాబితాలో మన నేలల్లో మొలిచే మొక్క కూడా ఒకటుంది. అదే బావంచ. సంస్కృతంలో బాకుచి. బొల్లి మచ్చలకు బావంచాలు వాడడం మన పెద్దలకు తరతరాలుగా తెలుసు. ఈ గింజల్లోని ఒక పదార్థాన్ని 1966లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు వేరుచేసి, బాకుచి పేరు మీదే 'బాకుచియాల్' అన్నారు. అది ప్రజల పన్నులతో నడిచే సంస్థ. 2007లో అమెరికా కంపెనీ ఒకటి దీన్ని చర్మ సౌందర్యానికి ముడిసరుకుగా మార్కెట్లోకి తెచ్చింది. ముడతలకు ఎప్పటినుంచో వాడే రెటినాల్‌తో దీన్ని పోల్చి, 44 మంది మీద 12 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో వచ్చాయి. రెండూ ముడతలను దాదాపు సమానంగా తగ్గించాయి, బాకుచియాల్‌తో మంట, పొట్టు రాలడం తక్కువ అని తేలింది. చిన్న పరీక్షే అయినా గిరాకీ పెరగడానికి అది బాగా పనికొచ్చింది.

ఇక మన లెక్క చూద్దాం. ఆ పరీక్షలో వాడిన క్రీములో బాకుచియాల్ అర శాతం. ఆ లెక్కన 30 గ్రాముల సీసాకు పట్టేది 0.15 గ్రాములు. అంటే కిలో బాకుచియాల్‌తో 6,600 సీసాలకు పైగా నింపొచ్చు. నూనె తీయడానికి, శుద్ధికి, పరీక్షలకు, సీసాకు, ప్రచారానికి ఖర్చవుతుంది, కాదనం. కానీ గింజ ఏరినవాడికి, పండించినవాడికి మూలికల వ్యాపారి తూకం వేసి చెప్పిందే ధర. ఆ గింజ చివరికి ఏమవుతుందో అతనికి చెప్పేవారు లేరు.

పట్టుపురుగుల రైతు పరిస్థితీ అంతే. పట్టు దారంలో దాదాపు పావు వంతు ఉండేది సెరిసిన్ అనే జిగురు. సబ్బు, సోడా నీళ్లలో ఉడకబెట్టినప్పుడు అది కరిగి మురుగులో పోతుంది. అదే సెరిసిన్ శుద్ధి చేస్తే చర్మానికి తేమనిచ్చే పదార్థంగా క్రీముల్లోకి వెళుతుంది. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల రైతు గూళ్లు అమ్మేటప్పుడు దాని విలువ ఏ ధరలో కలుస్తోంది?

చట్టం లేకపోలేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జీవ వనరులతో వ్యాపారం చేసేవారు లాభంలో వాటా ఇవ్వాలి. 2014 నిబంధనల్లో అది ఫ్యాక్టరీ అమ్మకం విలువలో 0.1 నుంచి 0.5 శాతంగా ఉండేది. ఆ మాత్రానికీ 2023 సవరణ గండి కొట్టింది. సాగుచేసిన ఔషధ మొక్కలకు, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానానికి మినహాయింపులు ఇచ్చారు. బావంచాల గుణాలు ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్నవే. చెమటోడ్చి పండించిన సరుకైతే వాటా ఎందుకు ఉండకూడదు? అయితే ఒక పట్టు ఇంకా మన చేతిలో ఉంది. సాగుచేసిన మొక్కకు మినహాయింపు కావాలంటే స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ నుంచి మూల ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మన పంచాయతీలో ఆ కమిటీలో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు?

ఒక హెచ్చరిక కూడా. ఇది చదివి రేపే బావంచాలు వేయకండి. సఫేద్ ముస్లి, కలబంద పేర్లు చెప్పి, పంట మేమే కొంటామని మొక్కలు అంటగట్టి మాయమైన వాళ్లను చూశాం. కొనేవాడు, ధర, గడువు కాగితం మీద ఉంటేనే విత్తనం చేతబట్టాలి. పచ్చి గింజలు నూరి ముఖానికి రాసుకోవద్దు. ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

సంఘం తరఫున మనం అడగాల్సినవి ఇవి. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ పనిచేయాలి, బావంచ లాంటి మొక్కలన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లోకి ఎక్కాలి. సాగుచేసిన మొక్కకూ లాభంలో వాటా పునరుద్ధరించాలి. నూనె తీసే యంత్రాలు, సెరిసిన్ సేకరించే ఏర్పాట్లు రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు సబ్సిడీతో ఇవ్వాలి. ఎర్రచందనం పెంచిన మన రాష్ట్ర రైతులకు ఈ చట్టం కిందే వాటా సొమ్ము అందింది. కాబట్టి ఇది గొంతెమ్మ కోరిక కాదు.

వచ్చే గ్రామసభలో మొదటి ప్రశ్న ఇదే వేయండి: మన ఊరి జీవవైవిధ్య రిజిస్టర్ ఎక్కడ?