డిలీట్ కొట్టే ముందు ఈ పాట కథ వినండి

‘ఇలాంటిది ఇప్పటికే ఉంది కదా’ అనుకుని మీరు తీసిపారేసిన ప్రాజెక్టులు ఎన్ని? నా లెక్క నేను చెబుతా: నాలుగు. అందులో ఒకటి ఫైనలియర్‌లో రాసుకున్న బస్ టైమింగ్స్ యాప్. మార్కెట్లో ఉన్న యాప్‌లాగే ఉందనిపించి కోడంతా తుడిచేశాను. తర్వాత ఓ ఇంటర్వ్యూలో ‘సొంతంగా చేసిందేదైనా చూపించండి’ అన్నారు. చూపించడానికి ఏమీ లేదు.

జాజ్ సంగీతంలో ‘టేక్ ది ఏ ట్రైన్’ చాలా పేరున్న పాట. రాసింది పియానిస్టు బిల్లీ స్ట్రేహార్న్. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మందుల షాపులో పనిచేసిన కుర్రాడు. 1938 డిసెంబరులో, 23 ఏళ్ల వయసులో, ప్రముఖ బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎల్లింగ్టన్‌కు తన పియానో వినిపించాడు. ఆయనకు నచ్చి న్యూయార్క్ రమ్మన్నాడు. హార్లెంలోని తన ఇంటికి సబ్‌వేలో ‘ఏ’ రైలెక్కి రావాలని దారి చెప్పాడు. స్ట్రేహార్న్ ఆ దారినే పాట చేశాడు.

కానీ రాశాక తనకే నచ్చలేదు. ఫ్లెచర్ హెండర్సన్ అనే మరో బ్యాండ్ లీడర్ శైలిలా ఉందని చెత్తబుట్టలో పడేశాడు.

1941 జనవరిలో పరిస్థితి మారింది. ఫీజుల గొడవతో, అస్కాప్ అనే స్వరకర్తల సంఘం సభ్యుల పాటలను రేడియో స్టేషన్లు ఆపేశాయి. ఎల్లింగ్టన్ తన పాటలు తానే రేడియోలో వాయించలేని స్థితి. సభ్యత్వం లేని స్ట్రేహార్న్, ఎల్లింగ్టన్ కొడుకు మెర్సర్ కలిసి హడావుడిగా కొత్త పాటలు సిద్ధం చేయాల్సి వచ్చింది. అప్పుడే మెర్సర్ ఆ కాగితాలను చెత్తబుట్టలోంచి తీశాడట. ఫిబ్రవరి 15న రికార్డు చేశారు. ఆ బ్యాండ్‌కు అదే సిగ్నేచర్ ట్యూన్ అయింది.

అదృష్టం కలిసొచ్చిందంటారా? నిజమే. కానీ కాగితం మిగిలింది కాబట్టే కలిసొచ్చింది.

కాపీ కొట్టమని చెప్పడం లేదు. ఇంకొకరి కోడ్‌కి మన పేరు పెట్టుకోవడం మోసం. మనం అభిమానించేవాళ్ల ఛాయ మన పనిలో కనిపించడం మాత్రం నేర్చుకునే దశలో అందరికీ ఉండేదే. స్ట్రేహార్న్ అంతటివాడే తన పనిని తప్పుగా అంచనా వేశాడు. మన అంచనా మాత్రం ఎప్పుడూ కరెక్టేనా?

చెత్తబుట్ట వెతికే మెర్సర్ అందరికీ దొరకడు. అందుకే డిలీట్ చేసే ముందు కనీసం ఒక్కరికి చూపించండి. ఎవరూ లేకపోతే ఓ ఫోల్డర్‌లో పడేయండి. దానికి ‘చెత్తబుట్ట’ అని పేరు పెట్టుకున్నా పర్లేదు. ఖాళీ మాత్రం చేయకండి.