పళ్లరసం దుకాణాలకు రద్దీ ఒక్కటే చాలదు

హైదరాబాద్‌లో వరుసగా పళ్లరసం దుకాణాలు తెరిచేవారు ఆస్పత్రి, కాలేజీ, బస్టాండు చూసి చోటు ఎంచుకుంటారు. రద్దీ లెక్క సరే. సరకు లెక్క మరువరాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో విజయవాడ రోడ్డులోని బాటసింగారానికి తరలింది. నల్లగొండ బత్తాయి నగరానికి వచ్చే దారీ అదే. ఆ దారినే వున్న హయత్‌నగర్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు తెల్లవారేసరికి ఒకే బండి సరకు దించగలదు. దిక్కుకొకటి చొప్పున తెరిస్తే బండి కిరాయి హెచ్చుతుంది. వేసవిలో బత్తాయి ధర పెరిగినా గ్లాసు ధర వెంటనే పెంచలేరు. అప్పుడు లాభనష్టాలు తేల్చేది ఈ కిరాయే. నగరం అవతలి వైపు వెళ్లదలచినవారు అక్కడా రెండు మూడు దుకాణాలు దగ్గర దగ్గరగా తెరవడం శ్రేయస్కరం.