మూడు పాయింట్ల ఓటమికి సున్నా... ఇదేం ఇన్సాఫ్?

2025 ఆగస్టు 29 రాత్రి గాజువాకలో మా ఇల్లంతా టీవీ ముందే. ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మన విశాఖలోనే షురూ అయింది, విశ్వనాధ్ స్పోర్ట్స్ క్లబ్‌లో. తెలుగు టైటాన్స్ 35, తమిళ్ తలైవాస్ 38. ఆఖరిదాకా లాక్కొచ్చి ఓడిపోయాం.

"ఖైర్, ఒక పాయింటైనా దక్కిందిలే" అన్నాను.

"లేదబ్బా, రూల్ మారింది. ఓడితే సున్నా" అన్నాడు మా చిన్నోడు.

నిజమే. అంతకుముందు సీజన్ దాకా గెలిస్తే 5, టై అయితే చెరో 3, ఏడు లేదా అంతకు తక్కువ తేడాతో ఓడితే 1. ఇప్పుడు గెలిస్తే 2, ఓడితే ఏమీ లేదు. టై అయితే టైబ్రేకర్‌తో ఫైసలా. అదే రాత్రి బెంగళూరు బుల్స్, పుణేరి పల్టన్ 32-32 దగ్గర ఆగితే టైబ్రేకర్ ఆడించారు. మజా వచ్చింది, కాదనను. నా ఫిక్ర్ అంతా తీసేసిన ఆ ఒక్క పాయింట్ గురించే.

ఈ ఏడు లెక్క రగ్బీలోనూ ఉంది. ప్రపంచ కప్‌లో 2003 నుంచి నడుస్తోంది. గెలిస్తే 4, డ్రాకి 2. నాలుగు ట్రైలు చేస్తే, గెలిచినా ఓడినా, బోనస్ 1. ఏడు లోపు తేడాతో ఓడితే ఇంకో 1. ఏడే ఎందుకంటే, బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి ఆనిస్తే 5, ఆ పైన కిక్‌కి 2. అంటే ఒక్క దెబ్బకి అందుకునే దూరంలో ఆగిపోయిన టీమ్‌కి ఆ మెహనత్ కూలి అది. మన ఇళ్లలో మాత్రం ఒక్క మార్కుతో సీటు పోయిన పిల్లనీ, పుస్తకమే తెరవనివాణ్ణీ ఒకే మాటతో కొడతాం.

చిన్నోడు ఊరుకోలేదు, ఫోన్ తీశాడు. 2015 ప్రపంచ కప్‌లో జపాన్ నాలుగింట మూడు గెలిచి కూడా ఇంటికెళ్లింది. దక్షిణాఫ్రికాని 34-32తో ఓడించింది, కానీ ఆ ఓటమిలోనే దక్షిణాఫ్రికా రెండు బోనస్‌లు పట్టుకుపోయింది. చివరికి దక్షిణాఫ్రికా 16, స్కాట్లాండ్ 14, జపాన్ 12.

"ఇదేనా నీ ఇన్సాఫ్?"

బేటా, స్కాట్లాండ్ కూడా మూడే గెలిచింది. పైగా జపాన్‌ని 45-10తో ఓడించింది. జపాన్ ఒక్క బోనస్ కూడా తెచ్చుకోలేదు. బాధే గానీ, జుల్మ్ కాదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. పాత రూల్‌లో కొన్ని టీమ్‌లు గెలుపు వదిలేసి, తేడా ఏడు దాటకుండా ఖాళీ రైడ్లతో టైమ్ గడిపేసేవి. చూడ్డానికి చిరాకే. కానీ ఎనిమిది వెనకబడ్డ టీమ్ ఆఖరి రైడ్ కోసం జాన్ పెట్టి దూకడం కూడా ఆ రూల్ వల్లే చూశాం.

టైబ్రేకర్ ఉంచండి. గెలుపుకి మళ్లీ 5 ఇవ్వండి. ఏడు మరీ ఎక్కువనుకుంటే ఫ్రాన్స్ లీగ్‌లో 2014లో చేసినట్టు ఐదుకి దించండి. 38-35కి మాత్రం ఖాతాలో ఏదో ఒకటి రాయండి జనాబ్.