గాజుకు చిల్లా... ముందు కళ్లజోడు తీయండి!

వేసవిలో గుంటూరు, ఒంగోలు ఎండలు 40 డిగ్రీలు దాటాయంటే మనుషులకే కాదు, ముందుగదిలో గాజుతొట్టిలో ఈదే చేపలకూ ఊపిరాడదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 35 డిగ్రీలకు వచ్చేసరికి అది 7కు పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే.

దీనికి అక్వేరియం పెంచేవాళ్లు ఒక ఉపాయం చేస్తారు. తొట్టి గోడకు పైభాగాన చిల్లు పెట్టి, గొట్టం గుండా నీటిని కింద ఉన్న మరో తొట్టిలోకి జారవిడుస్తారు. అక్కడ వడకట్టి మోటారుతో మళ్లీ పైకి పంపుతారు. జారే నీటికి గాలి తగులుతుంది, మురికీ పోతుంది. ఉపాయం మంచిదే. చిక్కంతా ఆ చిల్లు దగ్గరే!

చూపుకు ఒకటే... గుణం వేరు

గాజుపలకల్లో మామూలువి ఉంటాయి, టఫెన్డ్ రకమూ ఉంటుంది. రెండోదాన్ని 600 డిగ్రీలకు పైగా కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారుతూ ముడుచుకుపోవాలని చూస్తుంది. దాంతో పైపొర నొక్కుకుని, లోపల లాగుకుని, పలకంతా బిగించిన విల్లులా ఉంటుంది. ఆ బిగువే దాని బలం. డ్రిల్లు పైపొరను దాటి లోపలికి దిగిందా... పలక మొత్తం ఒక్క క్షణంలో చినగంజాం కల్లుప్పులా రాలిపోతుంది.

ఈ వింత కొత్తదేమీ కాదు. కరిగిన గాజుబొట్టును నీళ్లలో వదిలితే గట్టిపడి, తోక ఉన్న చుక్కలా తయారవుతుంది. దాని తల సుత్తిదెబ్బకు తట్టుకుంటుంది. తోక చిదిమితే మాత్రం అంతా పొడి! 1660లో ప్రిన్స్ రూపర్ట్ ఇలాంటి చుక్కల్ని ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు తెచ్చి ఇచ్చాడు. వాటిలో పగులు సెకనుకు కిలోమీటరుకు పైగా వేగంతో పాకుతుందని తర్వాత తేలింది. అంటే 'అయ్యో' అనేలోపే అయిపోతుంది.

టఫెన్డ్ గాజుకు చిల్లులు కావాలంటే కాల్చకముందే పెట్టాలి. తర్వాత ఎంత చెయ్యితిరిగిన పనివాడైనా చేయగలిగిందేమీ లేదు.

అయిదు నిమిషాల పరీక్ష

టఫెన్డ్ పలకకు చాలాసార్లు మూలన చిన్న ముద్ర ఉంటుంది. ముద్ర లేదని మామూలు గాజే అనుకోవద్దు. అది సిలికాన్ అతుకు కింద దాగి ఉండొచ్చు. కొన్ని రెడీమేడ్ తొట్లలో పక్కగోడలు మామూలు గాజు, అడుగుపలక మాత్రం టఫెన్డ్. కాబట్టి ఏ పలకకు చిల్లు పెడతారో దాన్నే పరీక్షించాలి.

ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు ఉంటే చాలు. తెరను మొత్తం తెల్లగా పెట్టండి. కళ్లద్దాలను దాని ముందు మెల్లగా తిప్పండి. ఒకచోట తెర నల్లబడుతుంది. నల్లబడకపోతే ఆ కళ్లద్దాలు పనికిరావు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను ఖాళీ తొట్టి లోపల ఉంచి, ఒక్క పలక గుండానే బయటి నుంచి చూడండి. నలుపు అలాగే ఉంటే మామూలు గాజు. వెలుగు మచ్చలు, చారలు, రంగులు కనిపిస్తే, ముఖ్యంగా అంచుల్లో, మూలల్లో మెరిస్తే టఫెన్డ్! గాజులోని బిగువు కాంతిని మెలితిప్పడం వల్ల వచ్చే తేడా ఇది. కారు వెనక అద్దంలో ఈ కళ్లద్దాలకు చుక్కలు కనిపించేదీ ఇందుకే. ముందుగా పటం కట్టిన మామూలు గాజుతో ఒకసారి పోల్చుకుంటే కంటికి అలవాటవుతుంది.

చీమకుర్తి చెప్పే పాఠం

మామూలు గాజని తేలినా తొందర కూడదు. చీమకుర్తి గ్రానైట్‌ను కోసేవాళ్లు వజ్రపు పళ్ల రంపాలు వాడతారు, నీళ్లు ఆపకుండా పోస్తారు. గాజుకూ అదే సూత్రం. వజ్రపు పూత ఉన్న గుండ్రటి బిట్టు, తక్కువ వేగం, తేలికైన ఒత్తిడి, తడి ఆరకుండా నీళ్లు. చిల్లు ఎంత వెడల్పో, అంచు నుంచి కనీసం అంత దూరం వదలాలి. నీళ్లున్న చోట కరెంటు డ్రిల్లు వద్దు, బ్యాటరీదే మేలు. కళ్లకు గాగుల్స్, చేతులకు గ్లవుజులు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

చిల్లు పడ్డాక తొట్టిని నేరుగా ముందుగదిలోకి తేవద్దు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టిలో దాదాపు 190 లీటర్ల నీరు పడుతుంది. అంటే నాలుగు మిర్చి టిక్కీల బరువు! కనిపించని పగులుంటే ఆ బరువుకే బయటపడుతుంది. ఆరుబయట నింపి, ఒక రోజంతా ఉంచి చూడాలి.

పరీక్షలో ఏ కాస్త అనుమానం మిగిలినా డ్రిల్లు పక్కన పెట్టేయండి. అంచుకు తగిలించే ఫిల్టరు, ఒక గాలిపంపు ఉంటే వేసవి గట్టెక్కుతుంది. చేపకు కావలసింది గాలే కానీ గోడకు చిల్లు కాదు.