ముక్కు ఎవరిది?

కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములు ఇంటి మాటను, వంటను, పండుగను ఎట్లో నిలుపుకొనుచున్నవి. పెండ్లి సంబంధములను మాత్రము కొద్ది యిండ్ల నడుమనే వెదకుకొనవలసి వచ్చుచున్నది. ఈ ఇరుకులోనుండియే ఒక క్రొత్త దురాచారము తలయెత్తుచున్నది. పిల్ల చదువు బాగున్నది, గుణము బాగున్నది, ముక్కు కొంచెము సరిచేయించిన చాలునని మగపెండ్లివారు సూచించుట. ఆ మాట పట్టుకొని తల్లిదండ్రులు వైద్యులను వెదకుచు తిరుగుట. దీనిని మేము నిష్కర్షగా ఖండించుచున్నాము.

శస్త్రవైద్యమును మేము నిందించుట లేదు. పోయిన ముక్కును మరల నిర్మించు విద్య మన దేశపుదే. చెక్కిలి చర్మముతో నాసికను నిర్మించు విధానము సుశ్రుతసంహితలో కలదు. 1792లో ముగిసిన మైసూరు యుద్ధమున, ఆంగ్లసేనలో ఎడ్లబండి తోలు కావస్జీ యనునతడు టిప్పుసుల్తాను సైనికులకు చిక్కి ముక్కు కోల్పోయెను. పూనా ప్రాంతమున ఇటుకల పనివారి కులమునకు చెందిన యొకడు నుదుటి చర్మమును మలచి అతనికి ముక్కు నిలిపెను. ఆ వృత్తాంతము 1794లో లండను పత్రికలో అచ్చయ్యెను. 1814లో కార్ప్యూ అను వైద్యుడు అచ్చట ఆ చికిత్సను చేసి చూపెను. నాడు ముక్కు కోయుట శిక్ష, దానిని మరల నిలుపుట వైద్యము. నేడు ఏ నేరము నెరుగని, ఏ గాయము లేని పిల్ల ముక్కుపై పరుల తీర్పున కత్తి పెట్టించుట శిక్షయా, వైద్యమా?

లోకము అందమునే చూచును, మేమేమి చేయుదుమని కొందరందురు. నాసికాసౌందర్యమును మెచ్చుట మనకు క్రొత్త కాదు. రాయల కొలువున నంది తిమ్మనకు ముక్కుపై చెప్పిన పద్యమువలననే ముక్కుతిమ్మన యను పేరు వచ్చెనని ప్రతీతి. కాని మెచ్చుట వేరు, కొలిచి కోయుట వేరు. పైగా కొలిచెడి సాధనమైనను సరియైనదా? చేతిలోని ఫోనుతో 12 అంగుళముల దూరమునుండి తీసిన చిత్రములో ముక్కు ఉన్నదానికంటె సుమారు 30 శాతము వెడల్పుగా కనబడునని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టిరి. ఆ చిత్రమును చూచియేనా తీర్పు చెప్పుట?

ఇక పిల్ల తనంతట తానే కోరినచో అడ్డుపడుటకు మనకు హక్కు లేదు. అయినను తెలిసికొనవలసిన సంగతులు కలవు. ముఖము ఎదుగుట పూర్తియగువరకు ఆగవలెను. ముక్కు ఊపిరి తీయుటకే పుట్టినది; రూపము దిద్దబోయి శ్వాసకు అడ్డు తెచ్చుకొనరాదు. వాపు పూర్తిగా తగ్గుటకు ఏడాది పట్టును, మందమైన చర్మము గలవారికి అంతకంటెను ఎక్కువ. ముహూర్తమునకు నెల ముందు కత్తికి అప్పగించువారు ఈ మాట వినవలెను. ఫలితము నచ్చక రెండవ మారు శస్త్రచికిత్స చేయించుకొనువారును కలరు. వైద్యుడు ప్లాస్టిక్ సర్జరీలో పట్టము పొందినవాడా, లేక చెవి-ముక్కు-గొంతు వైద్యుడై ఈ పనిలో ప్రత్యేక శిక్షణ గలవాడా యని విచారింపవలెను. కోత లేదు, సూదితోనే సరిచేయుదుమను ప్రకటనలను నమ్మరాదు. ఎక్కించిన పదార్థము రక్తనాళములో చొరబడినచో, అరుదుగానైనను, కంటిచూపు పోయిన సందర్భములు కలవు. కేవల సౌందర్యమునకై చేయించుకొను చికిత్సకు ఆరోగ్యబీమా సామాన్యముగా వర్తింపదు. అన్నింటికంటె ముఖ్యము, ఆ కోరిక ఎవరిదని ఆ పిల్లను ఏకాంతమున అడుగవలెను. నిత్యము అద్దము ముందు కుమిలిపోవు మనస్సునకు ముందు కావలసినది మనోవైద్యుడు, కత్తి కాదు.

ముక్కున్నంతవరకు పడిసె ముండునని సామెత. వంక వెదకువారికి నేడు ముక్కు, రేపు రంగు, ఎల్లుండి ఎత్తు. ముక్కు దగ్గర ఆగిన సంబంధము ముక్కు మారినంతమాత్రమున నిలుచునా? తల్లిదండ్రులారా, ఒక్కమాట ఆలోచింపుడు. కత్తితో దిద్దిన రూపము సంతానమునకు రాదు. బేసరి పెట్టి మురిసిన అమ్మమ్మ ముక్కే రేపు మనుమరాలికి మరల రావచ్చును. నాడు ఆ పసిదాని ముఖము చూచి ఏమందురు?