రికార్డు వాన అని రాసే ముందు

2022 జూన్ 17 ఉదయం మేఘాలయలోని మాసిన్రామ్‌లో నమోదైన వర్షపాతం 1003.6 మిల్లీమీటర్లు. ఒక్క రోజులో మీటరు ఎత్తు వాన. పక్కనే ఉన్న చిరపుంజిలో 972. వాతావరణాన్ని ఇష్టంగా గమనించే వాళ్లకు అది పండగ రోజు. నాలుగంకెలు దాటింది, పాత లెక్కలు చెరిగిపోయాయి, చిరపుంజి మళ్లీ వెనకబడింది అని దేశమంతా ఔత్సాహికులు సంబరపడ్డారు. మనలో చాలామంది కూడా ఆ అంకెను నోట్సులో ఎక్కించుకున్నాం. ప్రిలిమ్స్‌లో వస్తుందేమో అని.

ఆ నీళ్లు ఎటు పోయాయో ఎంతమంది రాసుకున్నారు?

అట్లాసు తీయండి. ఖాసీ కొండల దక్షిణపు అంచు గోడలా తెగి కిందికి దిగుతుంది. ఆ గోడ కాళ్ల దగ్గర మొదలయ్యేది బంగ్లాదేశ్ మైదానం. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి ఈ గోడకు కొట్టుకుని పైకి లేచి కురుస్తుంది కాబట్టే మాసిన్రామ్‌కు ఆ పేరు. ఆ పేరు తెచ్చిన వాలే నీళ్లను నిలవనివ్వదు. కొండమీద పడ్డ వాన గంటల్లో సునామ్‌గంజ్, సిల్హెట్ జిల్లాల్లో దిగుతుంది. అక్కడ హావోర్లని పిలిచే పల్లపు భూములుంటాయి. గిన్నెల్లాంటి నేలలు, మధ్యలో దిబ్బల మీద ఊళ్లు. ఆ ఏడాది మే నెలలోనే ఒకసారి వరద చూసి, ఇంకా ఇళ్లలో బురద ఎత్తుకుంటున్న జనం మీదికి జూన్ నీళ్లు వచ్చాయి. బంగ్లాదేశ్ ఈశాన్య ప్రాంతంలో ఆ వరద బారిన పడినవారు సుమారు 72 లక్షలని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. వాన కొలిచిన సాధనం మన దేశంలో ఉంది, మునిగిన ఇల్లు పక్క దేశంలో ఉంది. అందుకే మన నోట్సులో మొదటిది ఉంది, రెండోది లేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అనే సామెత ఇక్కడ చటుక్కున నోటికొస్తుంది. కానీ అది సరిగ్గా అతకదు. వాన ప్రియుడు వాన కురిపించడు, వరద తేడు. ఆకాశాన్ని చూసి ఆశ్చర్యపోవడం నేరమూ కాదు. అరుదైన రోగాన్ని చూసిన వైద్య విద్యార్థి కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపు లేకపోతే మంచి వైద్యుడు కాలేడు. ఔత్సాహికుల వల్ల జరిగిన మేలు కూడా చిన్నది కాదు. మెట్ట భాషలో ఉండే బులెటిన్లను ఇంటి భాషలోకి మార్చి, ఏ మండలం మీదికి మేఘం వస్తోందో గంటగంటకూ చెప్పినవాళ్లు చాలాచోట్ల వీళ్లే. వాళ్ల మాట విని వాహనం ఎత్తైన చోటికి మార్చుకున్నవాళ్లు, ప్రయాణం మానుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి వాళ్ల ఉత్సాహాన్ని తిట్టిపోసే వ్యాసం రాస్తే మార్కులు రావచ్చేమో గానీ అది నిజాయితీ అనిపించుకోదు.

పైగా మనమేం తక్కువ తిన్నాం? 2024 జూలై చివర వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు చదువుల గదుల్లో వినిపించిన మాటలు గుర్తు తెచ్చుకోండి. "జీఎస్-3కి తాజా ఉదాహరణ దొరికింది." శవాలు ఇంకా వెతుకుతున్నారు, మనం అప్పటికే శీర్షికలు పెట్టి, గాడ్గిల్ కమిటీ, కస్తూరి రంగన్ కమిటీ అని రెండు గడులు గీసేశాం. వాన ప్రియుడి రికార్డూ మన ఉదాహరణా ఒక్క తాను ముక్కలే. రెండింటిలోనూ విపత్తు మన సేకరణలో ఒక వస్తువు అవుతుంది.

నాకు అసలు అభ్యంతరం ఉన్నది ఉత్సాహం మీద కాదు, 'రికార్డు' అనే కొలమానం మీద. అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో మన రాష్ట్రం ఉదాహరణతోనే చూద్దాం.

2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. తెలంగాణలో అంతకుముందు రికార్డు 2013 జూలైలో వాజేడులో పడ్డ 517.5. అంటే పాత రికార్డు మీద ఏకంగా 13 సెంటీమీటర్లు పైన. ఆ ఒక్క రోజు వాన ఒక ఎకరం మీద పడితే 26 లక్షల లీటర్ల పైమాటే. మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు అని గుర్తుంటే ఈ లెక్క మీరే కట్టవచ్చు, పరీక్షలోనూ పనికొస్తుంది. అంకె నిజంగా అబ్బురమే.

అదే తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. జనం మిద్దెలెక్కారు, చెట్లెక్కారు. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్న వాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజు చాలామంది నోళ్లలో నానిన పేరు లక్ష్మీదేవిపేట. కొండాయి పేరు రెండు రోజుల తర్వాత గానీ బయటి ప్రపంచానికి గట్టిగా వినపడలేదు. వాన గరిష్ఠంగా పడ్డ చోటూ, మనుషులు పోయిన చోటూ వేరువేరు. ఇది యాదృచ్ఛికం కాదు, వరద పనిచేసే తీరే అంత. నీళ్లు ఒకచోట పడతాయి, ఇంకోచోట పోగవుతాయి. మధ్యలో వాగు ఎంత లోతుంది, అంతకుముందు ముసురుకు నేల ఎంత నాని ఉంది, ఏ చెరువు కట్ట నిలిచింది, ఊరు వాగుకు ఎంత దగ్గర, రాత్రా పగలా, ఫోను సిగ్నలు ఉందా అన్నవి వాన అంకెలో ఎక్కడా కనిపించవు.

ఇంకో చిత్రం. భారత వాతావరణ శాఖ వర్గీకరణలో 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆ పైన పడితే 'అత్యంత భారీ వర్షం'. దానికి పైన మిల్లీమీటర్ల హద్దుతో ఇంకో మెట్టు లేదు. 210 అయినా 650 అయినా అదే ఎర్ర రంగు. అందుకే ప్రపంచ వాతావరణ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దిశ మార్చింది. వాతావరణం ఎలా ఉంటుందో చెప్పి ఊరుకోకండి, అది ఏం చేస్తుందో చెప్పండి అని. ప్రభావ ఆధారిత అంచనా అంటే ఇదే. "ములుగులో అత్యంత భారీ వర్షం" అనడానికీ, "ఈ రాత్రి జంపన్న వాగు ఒడ్డు ఊళ్లలోకి నీళ్లు రావచ్చు, బడి మేడ మీదికి వెళ్లండి" అనడానికీ ఉన్న తేడా ప్రాణాలంత.

ఇక 'రికార్డు' అనే మాటకు రెండో వాడకం ఉంది. ఔత్సాహికుడు సంబరంగా వాడిన మాటనే రెండు రోజుల తర్వాత పాలకులు సంజాయిషీగా వాడతారు. "చరిత్రలో ఎన్నడూ లేని వాన, మేం మాత్రం ఏం చేస్తాం?"

హైదరాబాద్‌నే తీసుకోండి. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానకు నగరం మునిగినప్పుడు బేగంపేటలో నమోదైంది సుమారు 19 సెంటీమీటర్లు. అక్టోబర్ నెలకు అది రికార్డు, నిజమే. కానీ అదే బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడింది. ఆ వరద తర్వాతే నాలాల మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్లతో అధ్యయనం చేయించారు, నాలాలు వెడల్పు చేయాలని నివేదిక వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత అంతకన్నా తక్కువ వానకు (ఆ కేంద్రం వరకు) కాలనీలు మునిగాయి. ముందు పెట్టిన 'అక్టోబర్' అన్న మాట మీద పెట్టండి మీ వేలు. నెలవారీ రికార్డు, దశాబ్దపు రికార్డు, ఈ కేంద్రం పెట్టాక రికార్డు. వెతికితే ప్రతి వరదకూ ఒక రికార్డు దొరుకుతుంది.

ఎదుటి వాదన కూడా ఒప్పుకుందాం. 2005 జూలై 26న ముంబై శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్లు పడింది. నగర కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు కట్టినవి. దాన్ని 50కి పెంచాలని 1993లోనే బ్రిమ్‌స్టోవాడ్ నివేదిక చెప్పింది. పెంచి ఉన్నా ఆ రోజు ముంబై తప్పించుకునేది కాదు. కొన్ని వానలు ఏ ఏర్పాటుకూ లొంగవు. కానీ అదే రోజు అదే నగరంలో కొలాబాలో ఎనిమిది సెంటీమీటర్లు కూడా పడలేదని గుర్తుంచుకోండి. మిఠీ నది ఒడ్డు ఇరుకైపోకపోతే ప్రాణనష్టం అంతే ఉండేదా అన్న ప్రశ్న రికార్డు చెప్పగానే మాయం కాకూడదు. 2022 జూన్‌లో అస్సాంలోని సిల్చర్ పట్టణం రోజుల తరబడి నీళ్లలో ఉన్నది అక్కడి రికార్డు వాన వల్ల కాదు. బరాక్ నది కట్టకు బెతుకండి దగ్గర పడ్డ గండి వల్ల.

విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 2(డి) చదివారు కదా. చాలామంది 'ప్రకృతి వల్లగానీ మనిషి వల్లగానీ' అన్నంత వరకు బట్టీ పట్టి ఆపేస్తారు. అక్కడే 'నిర్లక్ష్యం వల్ల' అన్న మాటా ఉంది. చివర్లో, బాధిత ప్రాంత ప్రజలు తట్టుకోగల శక్తికి మించినదై ఉండాలన్న షరతూ ఉంది. ఆ నిర్వచనంలో మిల్లీమీటర్ల ప్రస్తావనే లేదు. కొలవాల్సింది జనం తట్టుకునే శక్తిని అని చట్టమే చెబుతోంది.

కాబట్టి జవాబు రాసేటప్పుడు 'అసాధారణ వర్షపాతం' అని కలం కదలగానే ఒక్క క్షణం ఆగండి. ఏ కేంద్రంలో, ఎన్నేళ్ల లెక్కలో, ఎన్ని గంటల్లో అని అడగండి. వెంటనే పక్క వాక్యంలో ఆ నీళ్లు చేరిన ఊరి పేరు రాయండి. ఎథిక్స్ పేపర్లో కరుణ, సానుభూతి అని నిర్వచనాలు నింపే కన్నా ఇది కష్టం. ఊరి పేరు తెలియాలంటే వార్తను చివరిదాకా చదవాలి మరి. రేపు మీరే మండలంలోనో జిల్లాలోనో కంట్రోల్ రూంలో కూర్చున్నప్పుడు తెర మీద రంగులు మారుతుంటాయి, పక్కనున్న ఎవరో "సార్, ఆల్ టైం రికార్డు" అంటారు. అప్పుడు అడగాల్సింది వాగు కింద ఉన్న ఊళ్ల జాబితా, అక్కడి సర్పంచుల, పంచాయతీ కార్యదర్శుల ఫోన్ నంబర్లు. ఆ జాబితా ఎండాకాలంలో తయారు చేయాల్సిన పని, వాన రాత్రి దొరికేది కాదు.

ఈ వారం సాధనకు ప్రశ్న: "ఎగువన వర్షపాత సమాచారం ఉన్న దేశానికి దిగువ దేశ ప్రజల పట్ల ఎలాంటి బాధ్యత ఉంటుంది? 2022 సిల్హెట్ వరదల నేపథ్యంలో చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. మాసిన్రామ్ అంకెను జవాబులో ఒక్కసారికి మించి వాడకండి.