రక్షణాధికారి మన మండలంలోనే ఉండాలి!

టేకులపల్లి మండలం గూడేల, తండాల అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా!

మొగుడు కొట్టాడని ఆడబిడ్డ పుట్టింటికొస్తే మనమేం చేస్తున్నాం? పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, తప్పు కట్టించి, "సర్దుకుపో బిడ్డా" అని అదే ఇంటికి పంపుతున్నాం. రాత్రికి మళ్లీ దెబ్బలు పడితే అడ్డుపడే దిక్కుండదు.

ఆ బిడ్డకు చట్టం అండ ఉంది. 2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమే కాదు, బూతులు తిట్టడం, ఇంటి ఖర్చులకు డబ్బివ్వకపోవడం, కూలి డబ్బులు గుంజుకోవడం, ఇంట్లోంచి గెంటడం కూడా హింసే. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం గిరిజనులకు మామూలుగా వర్తించదు. ఈ చట్టం మాత్రం కోయ, లంబాడీ ఆడబిడ్డలతో సహా అందరిదీ. కులాచారం ప్రకారం జరిగి, రిజిస్టర్ కాని పెళ్లయినా అడ్డు కాదు.

"కేసు పెడితే కాపురం కూలుతుంది" అంటారు. ఈ చట్టం కింద మేజిస్ట్రేటు మొదట ఇచ్చేది కొట్టొద్దని, గెంటొద్దని, ఖర్చులివ్వాలని ఉత్తర్వు. రక్షణ ఉత్తర్వును మీరినవాడికే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాపురం కూలేది దెబ్బలతోనే.

మరి చట్టం మన గడపకెందుకు రాలేదు? ఆమె గోడు విని, కాగితం రాసి, వైద్యం చేయించి, కోర్టుకు దారి చూపాల్సింది రక్షణాధికారి. ఆ అధికారి జిల్లా కేంద్రంలో కూర్చుంటే చంటిబిడ్డనెత్తుకొని, కూలి పోగొట్టుకొని ఆమె కొత్తగూడెం ఎన్నిసార్లు తిరగాలి? జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను నియమించాలని 2025 మే 20న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మనకిప్పుడు తాలూకాలు లేవు, మండలాలే ఉన్నాయి. కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. టేకులపల్లి మండలానికి ప్రత్యేకంగా ఒక రక్షణాధికారి ఉండాలి. మహిళ అయి, కోయ, లంబాడీ భాషలు తెలిసినవారైతే మేలు.
2. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, ఆ తర్వాత 60 రోజుల్లో పరిష్కారం అన్న చట్టపు గడువు అమలు కావాలి.
3. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ, రేషన్ షాపు గోడ మీద రాయాలి.

మనది ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ గ్రామసభ మాటకు బలముంది. రాబోయే గ్రామసభలో ఈ మూడింటిపై తీర్మానం చేసి కలెక్టరుకు పంపుదాం. మహిళా సంఘాలు ముందు నడవాలి, మగవాళ్లు వెంట నిలవాలి.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. పక్కింట్లో దెబ్బల చప్పుడు వింటే 181కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికొస్తే 112కి చేయండి. మంచి మనసుతో సమాచారమిచ్చినవారి మీద కేసు ఉండదని చట్టమే చెప్పింది. ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుంది, అందుకు 15100కి ఫోన్ చేయండి.

గ్రామసభకు రండి! తీర్మానానికి చెయ్యెత్తండి!